పులి దారిలో కెమెరా కాపలా

నల్లమలలో పులిని లెక్కపెట్టాలన్నా, చేలో పడుతున్న జంతువు ఏదో తేల్చాలన్నా ఇవాళ ముందుగా చేతికొచ్చేది ట్రాప్ కెమెరా. దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు?

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం శివార్లలో నాలుగు పులికూనలు ఊరివాళ్ల కంటపడ్డాయి. పక్కన తల్లి లేదు. కుక్కల పాలు కాకుండా వాటిని కాపాడి జనం అటవీశాఖకు కబురు పెట్టారు. తల్లి జాడ కోసం సిబ్బంది చుట్టుపక్కల అడవిలో ట్రాప్ కెమెరాలు కట్టారు, వాగుల వెంట పాదముద్రలు వెదికారు. తల్లీపిల్లల్ని కలపడం చివరికి కుదరలేదు. కూనల్ని తిరుపతి జూకు చేర్చారు. ఆ రోజుల్లో పత్రికలు ఆ తల్లిపులిని ‘టి-108’ అని రాశాయి. అడవిలో తిరిగే పులికి అలా ఒక నంబరు ఉందంటే దాన్ని పట్టి బంధించినట్టు కాదు, చెవికి బిళ్ల వేసినట్టూ కాదు. ఎప్పుడో ఒక రాత్రి అది చెట్టుకు కట్టిన కెమెరా ముందునుంచి తన దారిన తాను నడిచి వెళ్లింది. దాని ఒంటి చారలు రికార్డుకెక్కాయి. అంతే.

రెండు అరచేతులంత పెట్టె. ఆకు రంగు, మట్టి రంగు కలిపిన పైపూత. ముందువైపు ఒక లెన్సు, దాని కింద తెల్లటి సెన్సరు, పైన ఫ్లాష్. లోపల బ్యాటరీలు, మెమరీ కార్డు. ఒకప్పుడు అటవీశాఖ దగ్గర, పరిశోధకుల దగ్గర మాత్రమే కనిపించే ఈ పెట్టె ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆరేడు వేల నుంచే దొరుకుతోంది. మామిడి తోటల వాళ్లు కొంటున్నారు, అడవి అంచున వేరుశనగ వేసే రైతులు ఆరా తీస్తున్నారు. ఏ కంపెనీది మంచిదని అడిగేవాళ్లే ఎక్కువ. ఎక్కడ కట్టాలని అడిగేవాళ్లు తక్కువ. నా మటుకు రెండోదే అసలు ప్రశ్న. చోటు తప్పితే లక్ష రూపాయల కెమెరా కూడా నెల తర్వాత ఊగే గడ్డిని మాత్రమే చూపిస్తుంది.

తుపాకీ దించినవాళ్లు

ఈ పనిముట్టును పుట్టించింది వేటగాళ్లే. జార్జ్ షైరస్ అనే అమెరికన్ న్యాయవాది మిషిగన్ సరస్సుల దగ్గర జింకల్ని వేటాడుతూ పెరిగాడు. పడవ ముందు దీపం పెట్టుకుని, ఆ వెలుగుకు నిలబడిపోయిన జింకను కాల్చడం అక్కడి ఆదివాసుల నుంచి నేర్చుకున్న పద్ధతి. 1890ల నాటికి అతను అదే పడవలో, అదే దీపం వెనక తుపాకీ బదులు కెమెరా పెట్టాడు. తర్వాత జంతువులు నడిచే దారికి అడ్డంగా తీగ కట్టాడు. జింక కాలు తగలగానే మెగ్నీషియం పొడి భగ్గుమని వెలిగి, తన ఫొటో తానే తీసుకునేది. 1906 జులైలో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక అతని ఫొటోలు 74 ఒకే సంచికలో వేసింది. పత్రిక బొమ్మల పుస్తకం అయిపోతోందని ఇద్దరు బోర్డు సభ్యులు రాజీనామా కూడా చేశారు. అమెరికా కాంగ్రెస్ సభ్యుడిగా వలస పక్షుల రక్షణకు మొదటి బిల్లు తెచ్చిందీ ఈయనే.

మన దేశంలో ఆ దారి పట్టింది ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి. ఇప్పటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అడవుల్లో తీగ తగిలితే పేలే ఫ్లాష్‌తో రాత్రిపూట పులుల్ని ఫొటోలు తీసి, 1927లో పుస్తకం వేశాడు. పులిని చంపి దాని పక్కన నిలబడి ఫొటో దిగడమే గొప్పగా చెలామణీ అయిన రోజుల్లో, బతికి నడుస్తున్న పులి ఫొటోను మనిషి కోరుకోవచ్చని చూపించిన మనిషి ఆయన. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ మీద కూడా ఆయన ప్రభావం ఉంది.

చారల లెక్క

ఆ తర్వాత చాలాకాలం మన దగ్గర పులుల లెక్క అంతా నేలమీది అడుగులతోనే నడిచింది. పాదముద్ర మీద గాజు పలక పెట్టి, దాని అంచులు గీసి, ఆ గీతల్ని పోల్చి ఇన్ని పులులని తేల్చేవారు. మట్టి మెత్తగా ఉంటే అడుగు పెద్దగా పడుతుంది, గట్టిగా ఉంటే చిన్నగా పడుతుంది. గీసే చెయ్యి మారితే గీతా మారుతుంది. ఒకే పులి రెండు పులులుగా లెక్కలోకి ఎక్కేది. లెక్కల్లో పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్కటీ మిగల్లేదని బయటపడ్డాక ఆ పద్ధతికి కాలం చెల్లింది.

అప్పటికే కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ దారి చూపించి ఉన్నారు. 1990ల మొదట్లో ఫిల్మ్ కెమెరాలతో, రీలుకు 36 ఫొటోలతో ఆయన మొదలుపెట్టిన పని 1995లో శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు కూడా వేరువేరు. అందుకే దారికి రెండు వైపులా రెండు కెమెరాలు కడతారు. ఇక లెక్క ఇలా సాగుతుంది: మొదటి వారంలో ఇరవై పులులు పడ్డాయనుకుందాం. తర్వాతి వారాల్లో మళ్లీ మళ్లీ ఆ ఇరవయ్యే కనిపిస్తుంటే కెమెరాకు దొరకనివి కొద్దిగానే ఉన్నట్టు. రోజూ కొత్త చారలు కనిపిస్తూనే ఉంటే అడవిలో ఇంకా చాలా ఉన్నట్టు. కనిపించినవాటి నుంచి కనిపించనివాటిని అంచనా కట్టే ఈ గణితం మీదే దేశం లెక్క అంతా నిలబడింది.

2006 అంచనాలో దేశం మొత్తం మీద 1,411 పులులు. 2018లో 2,967. ఆ ఏడాది 26,838 చోట్ల కట్టిన కెమెరాలు మూడు కోట్ల 48 లక్షల పైచిలుకు ఫొటోలు తీశాయి. ప్రపంచంలోనే అతి పెద్ద కెమెరా సర్వేగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది. 2022 నాటికి కెమెరా చోట్లు 32,588కి, ఫొటోలు నాలుగు కోట్ల 70 లక్షలకు పెరిగాయి. అంచనా 3,682 పులులు. అన్ని కోట్ల ఫొటోల్లో పులి ఉన్నవి 97,399. అంటే దాదాపు 480 ఫొటోలు చూస్తే ఒక పులి. మిగతావన్నీ దుప్పులు, కణుతులు, అడవి పందులు, పశువులు, కట్టెల మోపుతో వెళ్లే మనుషులు, గాలికి ఊగిన కొమ్మలు. వాటిని జాతులవారీగా విడదీయడానికి ఒక సాఫ్ట్‌వేర్, చారల్ని పోల్చడానికి మరొకటి వాడతారు. చివరి మాట మాత్రం స్క్రీన్ ముందు కూర్చుని పక్కటెముకల మీది చారల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే మనిషిదే. అలా రోజులకు రోజులు కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్ల పేర్లు నివేదికల్లో కనపడవు. ఈ పనిలో వాళ్ల వాటా చాలా పెద్దదని నా నమ్మకం.

కొనేముందు చూడాల్సినవి

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే మెగాపిక్సెళ్లను ముందుగా పక్కన పెట్టండి. 48 మెగాపిక్సెళ్లని రాసిన చవక కెమెరాల్లో చాలావాటిలో అసలు సెన్సరు అంతకంటే ఎంతో చిన్నది. మిగతాది సాఫ్ట్‌వేర్ సాగదీసి నింపినది. ఫైలు పెద్దదవుతుంది, కార్డు త్వరగా నిండుతుంది, చార మాత్రం స్పష్టంగా రాదు.

చూడాల్సింది స్పందించే వేగం. పులి మామూలు నడకలో సెకనుకు మీటరు పైగా ముందుకెళ్తుంది. జంతువును పసిగట్టిన సెకనున్నరకు ఫొటో తీసే కెమెరా ఇరుకు బాటలో తోకను మాత్రమే చూపిస్తుంది. అర సెకనులోపు తీసేవి తీసుకోవాలి. ఒక ఫొటో తీశాక రెండో ఫొటోకు ఎంతసేపట్లో సిద్ధమవుతుందన్నదీ అంతే ముఖ్యం. ముందు తల్లి నడుస్తుంది, వెనక పిల్లలు వస్తాయి. కెమెరా నిమిషం విశ్రాంతి తీసుకుంటే పిల్లలు లెక్కలోకి రావు.

సెన్సరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం పొరపాట్లు తగ్గుతాయి. అది జంతువును చూడదు. తన ముందున్న నేలకూ, అందులోకి వచ్చిన ఒంటికీ మధ్య వేడి తేడాను, ఆ తేడా కదలడాన్ని పసిగడుతుంది. కాబట్టి జంతువు అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది. ఎదురుగా వస్తే ఆలస్యంగా పట్టుకుంటుంది. మన ఎండలతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నేల, బండలు జంతువు ఒంటి వేడికి చేరువవుతాయి, దాటిపోతాయి. తేడా లేనప్పుడు సెన్సరుకు ఎలుగుబంటి ఎదురుగా నిలబడినా తెలియకపోవచ్చు. చల్లటి దేశాల్లో రాసిన సమీక్షలు చదివి కొన్నవాళ్లు ఈ సంగతి గమనించరు. సెన్సరు చురుకుదనాన్ని వేసవిలో పెంచుకునే వీలు, చలికాలంలో తగ్గించుకునే వీలు ఉన్న కెమెరాయే మనకు పనికొస్తుంది.

ఫ్లాష్ విషయంలో ముందు అవసరం ఏమిటో తేల్చుకోవాలి. చారలో మచ్చలో గుర్తుపట్టాలంటే తెల్లటి ఫ్లాష్ మేలు. క్షణంలో వెలిగి ఆరిపోతుంది కాబట్టి నడుస్తున్న పులి కూడా నిలబడ్డట్టు వస్తుంది, రంగులు వస్తాయి. కానీ దాన్ని చూసి కొన్ని జంతువులు బెదురుతాయి, దొంగలకు కెమెరా ఎక్కడుందో తెలిసిపోతుంది. పరారుణ ఫ్లాష్‌లో రాత్రి ఫొటో నలుపు తెలుపుల్లో వస్తుంది, కదలిక ఉంటే అలుక్కుపోతుంది. అందులోనూ రెండు రకాలు. 850 నానోమీటర్లది సన్నగా ఎర్రగా కనిపిస్తుంది, దూరం వెలుగిస్తుంది. 940ది మనిషి కంటికి కనపడదు, వెలుగు దూరం తక్కువ. తోటకు ఏ జంతువు వస్తోందో తెలిస్తే చాలనుకునే రైతుకు పరారుణం సరిపోతుంది.

సిమ్ కార్డు పెట్టి ఫొటోలు ఫోనుకు పంపే కెమెరాలు వచ్చాయి. సిగ్నల్ ఉన్న ఊరి శివారుకు మంచివే. మధ్యప్రదేశ్‌లో కాన్హా, పెంచ్ పరిసరాల్లో పులినీ మనిషినీ తానే వేరుచేసి నిమిషాల్లో కబురు పంపే కెమెరాలను కూడా పరీక్షించారు. నల్లమల లోపల చాలాచోట్ల ఫోనే మోగదు. అక్కడ కార్డు తీసుకురావడానికి మనిషి నడవాల్సిందే.

బ్యాటరీల మీద పిసినారితనం వద్దు. మామూలు ఆల్కలైన్ సెల్ అరిగేకొద్దీ రాత్రి ఫ్లాష్ మసకబారుతుంది. లిథియం సెల్ చివరిదాకా నిలబడుతుంది. పాతవీ కొత్తవీ కలిపి వేయకూడదు.

నేల చదివే మనిషి

సర్వేలో అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికో జత కెమెరాలు కడతారు. గడి ఎక్కడుందో మ్యాపు చెబుతుంది. ఆ గడిలో పులి ఏ దారిన నడుస్తుందో నల్లమలలో చెంచు వాచర్లు చెబుతారు. ఇక్కడి బేస్ క్యాంపుల్లో ఏళ్లుగా పనిచేస్తున్నది వాళ్లే. రెండు దారులు కలిసేచోట నేల గోకిన గుర్తు, చెట్టు మొదట్లో పులి చల్లిన మూత్రపు ఘాటు, ఎండి తెల్లబడిన మలంలో దుప్పి వెంట్రుకలు, వాగు ఇసుకలో రాత్రి పడిన అడుగు. ఇవన్నీ చూశాకే చెట్టు ఎంచుకుంటారు.

చెట్టు దొరికాక కట్టే పని ఓపికతో కూడుకున్నది. దారికి మూడు నాలుగు మీటర్ల దూరంలో, మోకాలెత్తున, నేలకు సమాంతరంగా బిగిస్తారు. ఎదుటి కెమెరా సరిగ్గా ఎదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని ఫొటోను తెల్లగా కాల్చేస్తుంది కాబట్టి కాస్త పక్కకు జరుపుతారు. పొద్దు పొడిచే వైపుకు, కుంకే వైపుకు లెన్సు తిప్పరు. ముందున్న గడ్డిని, వేలాడే రెమ్మల్ని కొడవలితో కోస్తారు. ఆ తర్వాత ఒకరు చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి కెమెరా ముందునుంచి పాకుతారు. రెండో మనిషి సెన్సరు దీపం వంకే చూస్తుంటాడు.

“అన్నా, ఎర్రలైటు పడ్డదా?”

“పడలే. ఇంకింత వంగు తమ్మీ. చిరుత నీ ఎత్తుంటదా?”

కెమెరాను ఓ వేలెడు కిందికి దించుతారు. మళ్లీ పాకుతారు. దీపం వెలిగేదాకా ఇదే వరస. చివరగా పలక మీద కెమెరా నంబరు, గడి నంబరు, తేదీ రాసి లెన్సు ముందు పట్టుకుంటారు. మొదటి ఫొటో అదే. తేదీ, టైము రెండు కెమెరాల్లోనూ ఒకేలా లేకపోతే నెల రోజుల శ్రమా గంగపాలే. బ్యాటరీలు మార్చినప్పుడు గడియారం వెనక్కి పోయిందేమో చూసుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తప్పదు.

నేల గుర్తులు తెలియడం ఎంత గొప్ప విద్యో కలివికోడి కథ చెబుతుంది. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. రాత్రి మాత్రమే తిరిగే, ముళ్లపొదల్లో ఒదిగిపోయే ఆ చిన్న పక్షి జాడ ఆ తర్వాత కూడా చిక్కేది కాదు. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి బాటలు చేశారు. పొద్దున్నే ఆ మట్టిమీద పడిన అడుగులు చూశారు, పక్కన ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. అడుగూ ఫొటో ఒకదాన్నొకటి బలపరిచాయి. 2002లో ఆ పద్ధతి శాస్త్ర పత్రికలో వచ్చింది. మట్టి పరవడానికి అయ్యే ఖర్చు ఎంత? కెమెరా కొనే ప్రతివాళ్లూ ముందు ఓ వారం పాటు తోట గట్టున మెత్తటి మట్టి పోసి చూడాలంటాను. జంతువు ఎక్కడ దాటుతోందో అదే చెబుతుంది. కెమెరా అక్కడ కట్టాలి.

వేటకు దారి కాకూడదు

అమెరికాలో ఈ కెమెరాలు ప్రధానంగా అమ్ముడుపోయేది జింకల వేటగాళ్లకు. లైసెన్సు, సీజను, పరిమితి ఉన్న వేట అక్కడ చట్టబద్ధం. అక్కడే ఇప్పుడు వీటిమీద గట్టి చర్చ నడుస్తోంది. ఎండిన నేలలున్న అరిజోనాలో నీటిగుంటల చుట్టూ కెమెరాలు కట్టి, జంతువు దాహానికి వచ్చే వేళ కనిపెట్టి వేటాడటం ఎక్కువైంది. 2022 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రం వేట కోసం ఈ కెమెరాల వాడకాన్ని నిషేధించింది. థియోడర్ రూజ్వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అయితే అప్పటికప్పుడు ఫోనుకు ఫొటో అందుకుని వెళ్లి కొట్టిన జంతువును తన రికార్డు పుస్తకంలోకి రానివ్వదు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నది వేటగాళ్లు తమకు తాము పెట్టుకున్న నియమం.

మన దగ్గర ఆ చర్చకే తావు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. పులి, చిరుత, ఎలుగు వంటి మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు. మంచి ఫొటో కోసం కెమెరా ముందు మాంసం పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కెమెరా కట్టడమూ కుదరదు. మీ సొంత చేలో, సొంత గట్టున కట్టుకోవచ్చు.

పంటలకు అడవి పందుల బాధ నిజం. చేతికొచ్చిన వేరుశనగ, మొక్కజొన్న ఒక్క రాత్రిలో నేలపాలైతే ఆ రైతు గోడు తీర్చడం తేలిక కాదు. ఆ కోపంతోనే కొందరు కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగ పందిని ఎంచుకోదు. పులీ చిరుతా చచ్చాయి, పక్క చేను రైతులూ చచ్చిపోయారు. కెమెరా పంటను కాపాడదు. కానీ గట్టు మీద ఏ మూల నుంచి, ఏ వేళకు, ఎన్ని వస్తున్నాయో చెబుతుంది. చుట్టూ కాకుండా ఆ మూలన కంచె బిగించుకోవడానికి, నష్టపరిహారం దరఖాస్తుతో ఆధారం పెట్టుకోవడానికి అది చాలు.

ఫొటోలో పడే మనుషులు

జంతువుల కోసం కట్టిన కెమెరా మనుషుల్నీ తీస్తుంది. 2024లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ విషయంలో నన్ను చాలా కలవరపెట్టింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల 14 నెలలుండి, 270 మందితో మాట్లాడారు. అక్కడి ఆడవాళ్లకు అడవి కట్టెలు, గడ్డి తెచ్చుకునే చోటు మాత్రమే కాదు, ఇంటి కట్టుబాట్ల నుంచి కాసేపు బయటపడే చోటు. జంతువులు దగ్గరికి రాకుండా గొంతెత్తి పాడుకుంటూ పనిచేసేవారు. కెమెరాలు వచ్చాక నోరు మూసుకున్నారు, ఫొటోలో పడతామన్న భయంతో తమకు తెలియని దారులు పట్టారు. బహిర్భూమికి వెళ్లిన ఒక మహిళ ఫొటో బయటికి పొక్కి ఫోన్లలో తిరిగింది. కోపంతో ఊరివాళ్లు కెమెరాలు పగలగొట్టారు.

మన అమ్రాబాద్‌లో, నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వులో చెంచు గూడేలు అడవి లోపలే ఉన్నాయి. గడ్డలకు, బంకకు, తేనెకు ఆడవాళ్లు రోజూ వెళ్లే దారులే కొన్నిచోట్ల జంతువుల దారులు కూడా. అలాంటి దారిలో కెమెరా కట్టేముందు గూడెంలో చెప్పాలి, ఎక్కడ కడుతున్నారో చూపించాలి. మనిషి పడిన ఫొటోను చూసినవాళ్లు అక్కడే తుడిచెయ్యాలి. ఉచ్చులు పట్టుకున్న మనిషైతే అది వేరు. రైతులు కూడా గట్టు పక్కన నడిచే బాటవైపు, పక్కింటి పెరడువైపు లెన్సు తిప్పకూడదు.

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడక దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకున్నాక ఆ దారి పొడవునా కెమెరాలు కట్టారు. చిరుత ఏ వేళ ఎక్కడ దాటుతోందో తెలిస్తే బోన్లు పెట్టే చోటు, భక్తులను గుంపులుగా పంపాల్సిన వేళలు తేల్చడం తేలికవుతుంది. భయం నిజమైనదైనప్పుడు కెమెరా ఇచ్చే సమాచారం ప్రాణాలు నిలబెడుతుంది. వదంతి ఆ పని చేయదు. ఏటా ఏదో ఊళ్లో పాత ఫొటోనో, ఎక్కడిదో వీడియోనో మన చేలో పులి అంటూ చెలరేగడం చూస్తూనే ఉన్నాం.

కాబట్టి మీ తోట కెమెరాలో చిరుతో పులో పడితే ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. చోటు తెలిస్తే ఉచ్చులవాళ్లకు మీరే దారి చూపినట్టు. అటవీశాఖ బీట్ ఆఫీసరుకు ఫోను చేసి, కార్డులోని అసలు ఫైలు తేదీ టైముతో సహా ఇవ్వండి. పశువును కొట్టి చంపి ఉంటే కళేబరాన్ని కదపకండి, చుట్టూ నేల తొక్కకండి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయింది పశువు కళేబరానికి విషం పూసినందుకే. కొట్టిన జంతువు మిగిలిన మాంసానికి తరచూ ఆ రాత్రో మర్నాటి రాత్రో తిరిగొస్తుంది. పోయిన పశువుకు పరిహారం అడగాలన్నా, ఆ జంతువు ఏదో తేలాలన్నా చీకటి పడేలోగా అక్కడ కెమెరా కట్టించుకోండి.